రెండో కొస

నలుగురిలో ఎవరు తప్పినా ఆ సీటు నాదే. కౌంటర్లో కూర్చునే కళ్ళజోడమ్మ నిన్న ఫోనులో చెప్పింది, "మీరు వెయిటింగ్ లిస్టులో ఒకటో నంబరమ్మా, పదింటికల్లా వచ్చి హాలు బయట కూర్చోండి, ఎవరైనా తప్పితే అప్పటికప్పుడు మిమ్మల్నే పిలుస్తాం" అని. ఎవరూ తప్పకపోతే ఏం చెయ్యాలో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు, అడిగి నేర్చుకోవాల్సినంత విద్యేమీ కాదు అది, సంచి తీసుకుని బస్సెక్కడమే. కాబట్టి ఈ ఉపాధి శిక్షణ కేంద్రం రెండో అంతస్తులో, ఒకే ఇనపకడ్డీకి బిగించిన ఆరు ప్లాస్టిక్ కుర్చీల్లో చివరిదాంట్లో కూర్చుని, మూసిన తలుపు వైపు చూస్తూ, ఎవరో ఒకరు తప్పాలని కోరుకుంటున్నాను. ఎవరో ఒకరు అనడం కూడా అబద్ధమే. లోపల ఉన్నది ఒక లిఫ్టు ఆపరేటరు, నంబరు ప్లేట్లు రాసే ఒకతను, లాండ్రీలో చేసిన ఒకావిడ, నాలుగోది నా తోడికోడలు. లిఫ్టతను పొద్దుట్నుంచీ ఖంగుఖంగుమని దగ్గుతున్నాడు. న్యాయంగా అయితే నా ఆశంతా అతని మీదే పెట్టుకోవాలి, దగ్గుకి అతని చెయ్యి వణుకుతుంది, అతను తప్పుతాడు, నేను లోపలికి వెళ్తాను, తోడికోడళ్ళిద్దరం రేపట్నుంచి ఒకే బస్సులో ఒకే కంపెనీకి వెళ్ళొచ్చు, ఇంటిల్లిపాదికీ సంతోషం. కానీ మనసు అతని మీద నిలవదు. ఈగలాగా ఎంత తోలినా మళ్ళీ వచ్చి ఆ నాలుగోదాని మీదే వాలుతుంది. అది తప్పాలి. నాకు సీటు వస్తే చాలదు, దాని సీటు రావాలి.

ఎదురుగోడ మీద ఆ పోస్టరు ఇంకా ఉంది. కింది మూల ఊడిపోయి ఫ్యాను తిరిగినప్పుడల్లా టపటపమంటోంది. పార్ట్‌నర్ ప్రోగ్రాం, నేడే నమోదు చేసుకోండి, కింద గాలిమర బొమ్మ, దానికి మూడు తెల్లటి రెక్కలు. నన్ను ముంచింది ఆ ఒక్క మాటే. బట్టల ఫ్యాక్టరీ కటింగ్ సెక్షనులో పద్నాలుగేళ్ళకి పైగా చేసినదాన్ని, పార్ట్‌నర్ అంటే ఏమిటో నాకొకరు చెప్పాలా? గుడ్డ పరిచే బల్ల పన్నెండు గజాల పొడవు. ఒకళ్ళు ఈ కొస, ఒకళ్ళు ఆ కొస పట్టుకుని, గుడ్డ తాను విప్పుకుంటూ నడిచి, అంచుకి అంచు కలిపి ముడత లేకుండా దించాలి, దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి, అలా అరవై పొరలు. అవతలి కొస పట్టేవాళ్ళే పార్ట్‌నర్. పార్ట్‌నర్ రాకపోతే మనం వచ్చినా రానట్టే, ఆ రోజంతా దారప్పోగులు ఊడ్చుకోవాలి. పొద్దున్నే సూపర్‌వైజరు అడిగే మొదటి ప్రశ్న బాగున్నావా అని కాదు, నీ పార్ట్‌నర్ ఏదీ అని. అలాంటిదాన్ని, ఫ్యాక్టరీ మూతపడిన మూడోవారం వీధి చివర ఈ పోస్టరు చూస్తే ఏమనుకుంటాను? జంటగా వెళ్తేనే తీసుకుంటారనుకున్నాను. ఇంటికి ఉరుకులు పరుగుల మీద వెళ్ళి మేడ ఎక్కాను. చిన్నది, అదే నా తోడికోడలు, కిటికీ పక్కన కూర్చుని మా మరిది చొక్కాకి గుండీ కుడుతోంది. "నేనెక్కడికీ రానక్కా, కొన్నాళ్ళు ఇంటిపట్టునే ఉంటాను" అంది. "నువ్వు రాకపోతే నన్నూ తీసుకోరే" అన్నాను. గడ్డం పట్టుకుని బతిమాలాను. దాని చెప్పులు కూడా నేనే తెచ్చి కాళ్ళ దగ్గర పడేశాను. ఆ చెప్పులు తలుచుకుంటే ఇప్పుడు వాటితోనే నన్ను నేను వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు కళ్ళజోడమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి ఈవిడెవరు అని అడిగింది. నా పార్ట్‌నరండీ అన్నాను, ఎంత గర్వంగా అన్నానో, పరీక్షలో మొదటి ప్రశ్నకి జవాబు వచ్చేసిన పిల్లలా. ఆవిడ పకపకా నవ్వింది. "పార్ట్‌నర్ అంటే మీ పార్ట్‌నర్ కాదమ్మా, మా పార్ట్‌నర్. మాతో ఒప్పందం ఉన్న కంపెనీ. మేం మనుషుల్ని పంపిస్తాం, వాళ్ళు పని నేర్పి ఉద్యోగమిస్తారు." వరసలో వెనకున్నవాళ్ళు కూడా నవ్వారు. పోనీలే, ఆఫీసుల్లో నవ్వులపాలవడం మనకేం కొత్త కాదు. కానీ నా పక్కన నిలబడి చిన్నది కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. ఆ ఏడ్చినావిడ నాకు దగ్గర చుట్టమే అయ్యుంటుంది. అక్కడితో ఆగినా బాగుండేది. "ఎలాగూ వచ్చారు కదా, ఆవిడ పేరు కూడా రాయించండి, పోయేదేముంది" అని కళ్ళజోడమ్మ రెండో ఫారం ఇచ్చింది. పోయేదేముందట! నా పెన్నుతోనే రాసింది. పుట్టిన తేదీ దగ్గర ఆగిపోతే నేనే చెప్పాను. అనుభవం అన్న చోట ఏం రాయాలక్కా అంటే, నాది చూసి రాసుకోమని నా కాగితం దాని ముందుకి జరిపాను.

లోపల్నుంచి బర్రున టేపు లాగిన చప్పుడు. మొదటివాళ్ళ వంతు మొదలైనట్టుంది. ఒక్కొక్కరికి పావుగంట, చెక్కతో చేసిన వంపు అచ్చు మీద ఆరు పొరలు ముడత లేకుండా పరవాలి. గాలిమర రెక్క అంటే ఇనుమనుకున్నాను ఇన్నాళ్ళూ, కాదట, అదీ గుడ్డేనట, గాజుని పీచులా తీసి నేసిన గుడ్డని పొరల మీద పొరలు పరిచి జిగురు పట్టిస్తే గట్టిపడి రెక్క అవుతుందట. లోపల ఒక్క ముడత ఉన్నా పదేళ్ళకి అక్కడే చీలుతుందట. అది విన్నరోజు నా ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు. నా చేతులు పరిచిన గుడ్డ ఆకాశంలో తిరుగుతుందన్నమాట అనుకున్నాను. ఇన్నేళ్ళూ నేను పరిచినవి చొక్కాలయ్యాయి, చొక్కాలు మాసిపోయాయి, ఎవరివో ఎవరికీ తెలీదు. ఇదయితే బస్సు కిటికీలోంచి చూపించి అది నేను పరిచిందే అనొచ్చు. ఇప్పుడు ఆ మాట అది అంటుంది. మరిది బండి మీద వెనక కూర్చుని వేలెత్తి చూపిస్తుంది. నేను కింద వాటాలో కూర్చుని వింటాను.

మొదటి వడపోత నాటికి పన్నెండు మందిమి. టేపు చదవడం, గీత మీద కత్తెర పోనివ్వడం, నేత ఎటు వాలిందో కళ్ళు మూసుకుని వేలితో చెప్పడం, అన్నింట్లోనూ చిన్నదానికంటే నేనే ముందు ముగించాను, కావాలంటే ఆ కాగితాలు తీయించి చూసుకోండి. చివర్లో కంపెనీ నుంచి వచ్చిన రెక్కల మాస్టారు (పేరెవరూ అడగలేదు, జేబు మీద గాలిమర బొమ్మ ఉందని అందరం ఆ పేరు పెట్టేశాం) రెండు చేతులూ తలపైకెత్తి రెండు నిమిషాలు ఉంచమన్నాడు. ఇదేం పరీక్షో, బళ్ళో గోడకుర్చీ వేయించినట్టు. నిమిషంన్నర దాటాక నా కుడిచెయ్యి కాస్త కిందికి జారింది. కాస్తే. ముందురోజు దుప్పట్లు ఉతికాను మరి, దుప్పట్లు ఉతికితే ఎవరి చెయ్యైనా లాగుతుంది. నొప్పులదాన్నయితే అన్నేళ్ళు బల్ల దగ్గర ఎలా నిలబడ్డాను? మాస్టారు కాగితం మీద చిన్న గీత గీశాడు. నా పక్కన చిన్నది మాత్రం చేతులెత్తి దండెం కర్రలా హాయిగా నిలబడింది. సాయంత్రానికి గోడకి జాబితా అంటించారు. నాలుగో పేరు దానిది. దాని కింద అడ్డగీత. గీత కింద నా పేరు.

ఇంటికి వెళ్ళేసరికి ఈయన ఏమన్నారంటే, ఇద్దర్లో ఒకరికి వచ్చిందిగా, ఒకే ఇంటికేగా అన్నారు. ఒకే ఇంటికట! మగవాళ్ళకి ఇల్లంటే నాలుగు గోడలు, ఒక కప్పు. ఆ ఇంట్లో మేడమీది వాటా గాలికి, కింది వాటా చెమ్మకి అని ఆయనకి తెలుసా? నేను వచ్చిన తొమ్మిదేళ్ళకి వచ్చింది అది. మిషనుకి దారం ఎక్కించడం కూడా రాదు అప్పటికి. చెయ్యి పట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది నేను, సూపర్‌వైజరుని బతిమాలి నా బల్ల దగ్గరే వేయించుకుంది నేను, అంచు పట్టడం నేర్పింది నేను. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు ఏడు నెలలు ఎత్తి దించింది నేనైతే, బీరువా తాళాలు దిండు కింద నుంచి తీసి ఇచ్చింది దానికి. "పెద్దదానివి, నువ్వు సర్దుకోగలవు" అంది నాతో. నేను సర్దుకోగలనని లోకంలో అందరికీ తెలుసు, నాకు తప్ప. అది ఏదీ అడగదు, అన్నీ వస్తాయి. అదే నాకు కడుపుమంట. అడిగి, పోట్లాడి, లాక్కుని తీసుకుంటే మళ్ళీ పోట్లాడి లాక్కోవచ్చు. అడక్కుండా వచ్చినవాటిని ఏం చేస్తాం? నిద్ర కూడా అంతే. బస్సెక్కిన రెండో నిమిషానికి నా మీద తల వాల్చి నిద్రపోతుంది, ఎప్పుడూ నా ఎడమవైపే కూర్చుంటుంది, కుడివైపు కిటికీ సీటు ఖాళీగా ఉన్నా సరే. ఇవాళ కూడా పడుకుంది. ఇంకో గంటలో పరీక్ష పెట్టుకుని, సీటు కోసం కాచుకుని కూర్చున్నదాని భుజం మీదే తల పెట్టుకుని గుర్రుపెట్టింది. నా గురించి దానికి భయం కూడా లేదు. ఆ మాత్రం భయపడితే నాకు కొంచెం మర్యాదగా ఉండేది.

తలుపు తెరుచుకుంది. లిఫ్టతను బయటికొచ్చాడు, దగ్గుతూనే, ముఖమంతా పళ్ళు. అయితే నెగ్గాడన్నమాట. అతన్ని చూసి నవ్వి తలూపాను, ఎంత సులువుగా నవ్వొచ్చిందో నాకే ఆశ్చర్యం. తర్వాత లాండ్రీ ఆవిడ, ఆవిడా నెగ్గింది, నా పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకుంటే కడ్డీకి బిగించిన కుర్చీలన్నీ కదిలాయి, మంచిదమ్మా అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. నంబరు ప్లేట్లతను కూడా. ముగ్గురూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. ముగ్గురి మీదా నాకు రవ్వంత కూడా కుళ్ళు లేదు, అంటే నేను పుట్టుకతో కుళ్ళుబోతుని కాదు, కావాలంటే ఇది సాక్ష్యం. ఇక మిగిలింది ఒక్కటే. అది తప్పకపోతే నేను ఎక్కడికి వెళ్ళాలి? ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టే ప్రోగ్రాం ఒకటుంది, నలభై అయిదు లోపువాళ్ళకే. నాకు నలభై ఆరు. రొట్టెల కార్ఖానా వాళ్ళది నిండిపోయింది. మళ్ళీ ఈ రెక్కల వాళ్ళు ఎప్పుడొస్తారంటే, ఏమో, రెండేళ్ళకో అంది కళ్ళజోడమ్మ. రెండేళ్ళకి నాకు చేతులెత్తే పరీక్ష పెడితే నవ్వుతారు. ఇదే ఆఖరు. ఆఖరుది దాని దగ్గరుంది.

అది పొరలు ఎలా పరుస్తుందో నాకు తెలుసు, కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది. దానికో పాడు అలవాటు. గుడ్డ దించేముందు, సరిగ్గా బిగిసే క్షణాన, అరడుగు వెనక్కి వేస్తుంది. మొదట్లో లేదు. గుడ్డ తాను జారి నా కుడిభుజం మీద పడి, నేను పదిరోజులు ఇంట్లో ఉండి తిరిగొచ్చాను చూడండి, ఆ ఏడే ఎప్పుడో మొదలైంది. సాయంత్రమయ్యేకొద్దీ మరీ ఎక్కువయ్యేది. ముందుకు రావే ఎండ్రకాయా అని కసిరేదాన్ని. సెక్షనంతా దాన్ని ఎండ్రకాయ అనే పిలిచేవాళ్ళు, మళ్ళీ అది నేను పెట్టిన పేరే. అది నవ్వేది. ఆ అలవాటుతో ఆ వంపు అచ్చు దగ్గర వెనక్కి అడుగేస్తే గుడ్డ లాక్కుపోయి మూలన ముడత పడుతుంది. పడాలి. ఎండ్రకాయ నడకే దాన్ని ముంచాలి. దానికి అన్నీ నేర్పాను, అది మాత్రం మాన్పించలేకపోయాను, ఇప్పుడు అదే నాకు అక్కరకొస్తుంది.

మళ్ళీ తలుపు. ఇంత తొందరగానా? కాదు, కంపెనీ నుంచి వచ్చిన సహాయకుడు చేతి తొడుగులు విప్పుకుంటూ హడావిడిగా మెట్లు దిగుతున్నాడు, కింద వ్యానులో సరుకు వచ్చిందని ఎవరో కేకేస్తున్నారు. వాడి వెనకే తలుపు సందులోంచి చిన్నది తల బయటపెట్టింది. "అక్కా, ఒక్కసారి రావా. అవతలి కొస పట్టే అతను వెళ్ళిపోయాడు. మాస్టారు ఎవరైనా ఫరవాలేదన్నారు." ఎవరైనా ఫరవాలేదట. ఆయనకి నేనెవరో గుర్తున్నట్టు లేదు, కళ్ళజోడమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు, ఆవిడ కింద కౌంటర్లో ఉంది. దీనికి మాత్రం తెలుసు. జాబితాలో దీని కిందే ఉన్న పేరు ఎవరిదో దీనికి తెలుసు. తెలిసి తలుపు తీసి పిలుస్తోంది. నా కాళ్ళు లేచాయి. సంచి కుర్చీలో వదిలేసి లోపలికి వెళ్ళాను, లోపల గచ్చంతా తెల్లటి దుమ్ము, ఎవరో నా చేతులకి తొడుగులు ఇచ్చారు, తొడుక్కున్నాను, ఎదురుగా అచ్చు, బోర్లించిన పడవలా ఉంది, దానికి అవతలి కొసన అది, ఇవతలి కొసన నేను. ఇన్నేళ్ళూ ఎలా నిలబడ్డామో అలాగే.

మొదటి పొర. గాజుపీచు గుడ్డ జారుడుగా, చల్లగా ఉంది, చొక్కా గుడ్డలా మాట వినేది కాదు. అయినా అంచు దొరకగానే వేళ్ళకి దారి తెలిసిపోయింది. నడిచాం, బిగించాం, దించాం. రెండోది. మూడోది. అరచేత్తో నిమిరితే నీళ్ళ మీద నిమిరినట్టుంది, ఆహా అనుకున్నాను, ఎంత బాగా పరుస్తున్నామో అనుకుని, అనుకున్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. అది ఒక్కసారి కూడా వెనక్కి అడుగు వెయ్యలేదు. పరీక్ష అనేసరికి ఎండ్రకాయ నడక మానేసిందా? ఎవరు నేర్పారు దానికి? ఇన్నేళ్ళూ నేను కసిరితే పోనిది, సీటు కోసం ఒక్క పూటలో పోయిందా? అయితే అది తప్పదు. దానంతట అది తప్పదు. నాలుగో పొర ఎత్తాం. మాస్టారు చేతిలో గడియారం చూసుకుంటున్నాడు. గుడ్డ బిగిసింది, దించబోతున్నాం, నేను నా కుడిచేతిని ఒక్క రెండంగుళాలు వదిలాను. వదిలాను, జారలేదు. ఆ తేడా నాకు తెలుసు. అంచు మీద అల లేచి దానివైపు పాకింది, మధ్యలోకి వస్తోంది, ఇంకొక్క క్షణంలో ముడతై కూర్చుంటుంది. అంతే, అది అరడుగు వెనక్కి వేసింది. తల ఎత్తలేదు, నావైపు చూడలేదు, ఆలోచించినట్టు కూడా లేదు, నా చెయ్యి వదిలిన ఆ రెండంగుళాలూ దాని అడుగులోకి వెళ్ళిపోయాయి. గుడ్డ మళ్ళీ బిగిసింది. దిగింది. అద్దంలా ఉంది.

ఐదోది, ఆరోది ఎలా పరిచానో నాకు తెలీదు, చేతులే పరిచాయి. కళ్ళముందు ఆ బల్ల, పన్నెండు గజాలు, ముప్ఫై పొరలు దాటాక, నలభై దాటాక, సాయంత్రమయ్యేకొద్దీ వెనక్కి వెనక్కి పడే ఆ పాదం. ముందుకు రావే అని నేను అరుస్తుంటే నవ్విన ముఖం. సెక్షనంతా ఎండ్రకాయ అంటే కూడా నవ్విన ముఖం. నేను నేర్పాను, నేను లాగాను, నేను మోశాను అనుకుంటూ బతికాను. ఆఖరికి అది కూడా దానిదేనా? నాకంటూ ఆ ఒక్క గొప్పైనా మిగలనియ్యదా? మాస్టారు లైటు ఆపి, టార్చి పక్కవాటుగా పట్టుకుని అచ్చు మీద నెమ్మదిగా నడిపించాడు. ముడత ఉంటే నీడ పడుతుంది. ఎక్కడా పడలేదు. "బాగుందమ్మా, నువ్వు నెగ్గావు" అని దానితో అని, నావైపు తిరిగి మీరు వెళ్ళొచ్చు, థాంక్స్ అన్నాడు. దాని కళ్ళనిండా నీళ్ళు. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు, ఆ కుళ్ళు ఉన్నచోటే ఉంది, ఇంకా లావెక్కింది.

బయటికొచ్చాం. నా సంచి కుర్చీలోనే ఉంది. నేను తీసుకునేలోపే అది వంగి తీసి తన భుజానికి తగిలించుకుంది, నా ఎడమవైపుకి వచ్చి నడిచింది. పోస్టరు దాటాం, మెట్ల దగ్గరకొచ్చాం. నాలుగు మెట్లు దిగాక మెల్లగా, ఎవరూ వినకుండా అడిగింది.

"నొప్పి ఎక్కువైందా అక్కా? ఎప్పుడూ నలభై పొరలు దాటాకే కదా నీ చెయ్యి వదిలేది. ఇవాళ నాలుగుకే వదిలింది."

"అవునే, బాగా లాగేసింది" అన్నాను.

ఇవాళ నా భుజం అసలు నొప్పే పుట్టలేదు.